పది సెకన్ల పరుగు, నూట అరవై ఏళ్ల మీటింగు

వంద మీటర్ల జాతీయ ఛాంపియన్‌షిప్ చరిత్ర అంటే పరుగెత్తినవాళ్ల చరిత్రేనని చాలామంది భ్రమపడుతుంటారు. పది సెకన్లలో అయిపోయేదానికి చరిత్ర ఏముంటుందండీ? అసలు కష్టమంతా కుర్చీల్లో కూర్చున్న కమిటీవాళ్లది.

1866లో లండన్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ తొలి ఇంగ్లండ్ ఛాంపియన్‌షిప్ పెట్టింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల పడవ పందెం రోజులు చూసి ముహూర్తం నిర్ణయించారు. కాళ్లు బిగుసుకుపోయే చలే, కానీ పెద్దింటి పిల్లలంతా ఊళ్లో ఉండేది అప్పుడే మరి. దేశంలో అందరికన్నా వేగంగా ఎవరు పరుగెత్తుతారో తేల్చాలంటే ముందు దేశాన్ని కాస్త కుదించుకోవాలి. అందుకే మెకానిక్కులు, చేతిపనివాళ్లు, కూలీలు అమెచ్యూర్ల లెక్కలోకి, అంటే డబ్బు కోసం కాక సరదాకి ఆడేవాళ్ల లెక్కలోకి రారని రాసుకున్నారు. పోటీ ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఊహించుకోండి.

1880లో వచ్చిన అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ నిబంధన తీసేసి, పోటీని వేసవికి మార్చింది. తలుపు తీస్తే ఏమవుతుందో ఆరేళ్లకే తెలిసింది. ఇప్పటి ఘనాలోని అక్రాలో పుట్టిన ఆర్థర్ వార్టన్ అనే విద్యార్థి 1886లో వంద గజాలు (సుమారు 91 మీటర్లు) సరిగ్గా 10 సెకన్లలో కొట్టి టైటిల్ పట్టుకుపోయాడు. మరుసటి ఏడాది మళ్లీ అతనే. ఆ వార్టన్ తర్వాత బొగ్గుగనిలో కూలిపని చేశాడు. 1930లో పోతే, సమాధి మీద పేరు పడేసరికి 1997 అయింది. కూలీ కాబోయేవాడని పాత కమిటీవాళ్లు ఎలా పసిగట్టారో!

అమెరికా కుర్రాడు ఆర్థర్ డఫీది ఇంకో కథ. 1902లో వంద గజాలు 9.6 సెకన్లలో పరుగెత్తాడు. అమెచ్యూర్‌గా ఉంటూనే డబ్బు తీసుకున్నానని తర్వాత ఒప్పుకున్నాడు. అంతే, ఆ 9.6 సెకన్లు అసలు జరగనే లేదని తేలిపోయింది.

ఆ రోజుల్లో ప్రతివాడూ ఓ చిన్న తాపీ తెచ్చుకుని, ట్రాక్ మీద మోకాళ్లూని, కాలిమునివేళ్లు ఆనించుకోవడానికి గుంటలు తవ్వుకునేవాడు. 1929లో అమెరికా రన్నర్ జార్జ్ సింప్సన్ గుంటలకు బదులు స్టార్టింగ్ బ్లాకులు వాడి వంద గజాలు 9.4 సెకన్లలో వచ్చాడు. రికార్డు ఇవ్వలేదు. మరుసటి ఏడాది ఫ్రాంక్ వైకాఫ్ పద్ధతిగా గుంట తవ్వుకుని అదే 9.4 కొడితే ఇచ్చారు. శ్రమకు గౌరవం లేదని ఎవరన్నారు?

ఇక గడియారాలు. గీత పక్కన ముగ్గురు పెద్దమనుషులు స్టాప్‌వాచ్‌లు పట్టుకుని ఉండేవారు. ఇద్దరివి కలిస్తే అదే టైమ్, మూడూ మూడు రకాలుగా ఉంటే మధ్యది. 1968లో అమెరికా జాతీయ పోటీలు శాక్రమెంటోలో జరిగినప్పుడు వాచీలు నొక్కే ఈ బొటనవేళ్లు విజృంభించాయి. ఒకే సాయంత్రం జిమ్ హైన్స్, రోనీ రే స్మిత్, చార్లీ గ్రీన్ ముగ్గురికీ వంద మీటర్లలో 9.9 సెకన్ల ప్రపంచ రికార్డు! అక్కడే ఉన్న కరెంటు గడియారం మాత్రం హైన్స్‌ది 10.03, స్మిత్‌ది 10.14 అని గొణిగింది. మర్యాద తెలియని యంత్రం. 1977 నుంచి ప్రపంచ రికార్డులకు దాని మాటే వినాల్సిన ఖర్మ పట్టింది.

పరుగెత్తేవాడి తొందరపాటును మాత్రం కమిటీలు అంతగా సహించలేదు. ఒకప్పుడు ఒక తప్పు స్టార్ట్‌ను క్షమించేవారు, 2010 నుంచి అదీ లేదు. తుపాకీ పేలాక 0.1 సెకను గడవకుండా కదిలినా తప్పే, శబ్దం వినకుండా ఊహించి దూకాడని లెక్క.

ఒలింపిక్స్‌లో మీటర్లు 1896లో మొదలయ్యాయి. ఇంగ్లండ్ జాతీయ పోటీ గజాలు వదిలి మీటర్లకు మారింది 1969లో. ఈ స్టార్ట్‌లో తొందరపాటు ఉందని ఏ యంత్రమూ అనలేదు.