కోట బాగుపడితే హోటలేనా?

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో పాత భవనం ఏదైనా బాగుపడుతోందంటే దాని తర్వాతి జన్మ ఏమిటో అడగక్కరలేదు. హోటలు, కాకపోతే కల్యాణ మండపం. 1790లలో గంజాం కలెక్టర్ స్నాడ్‌గ్రాస్ చిలికా ఒడ్డున కట్టించిన రంభ ప్యాలెస్ కూలిపోకుండా నిలబడింది, సంతోషమే. కానీ గది అద్దె కట్టగలిగినవాళ్ల కోసం నిలబడింది. పర్లాకిమిడి, బరంపురం, జయపురంలలో మిగిలిన పాత కట్టడాల్లో ఒక్కదాన్నయినా మంచి సినిమాలు ఆడే చిన్న హాలుగా మార్చాలి. పారిస్‌లో 1896లో ఒక వ్యాపారి భార్యకు కానుకగా కట్టించిన లా పగోడ్ భవనం 1931లో సినిమా హాలైంది. మన దగ్గర ఎందుకు కాకూడదు?

కట్టడం పనికిరాదనే భయం అక్కరలేదు. ఆ మందపాటి గోడలు బయటి హారన్ల మోతను లోపలికి రానివ్వవు. చిక్కల్లా ఎత్తైన కప్పుతోనే. దాని కింద మాట మారుమోగి అక్షరాలు కలిసిపోతాయి. బరువైన తెరలు, నేలమీద జంపఖానాలు ఆ మోతను చాలావరకు మింగేస్తాయి. సిమెంటును మాత్రం గుమ్మం దాటనివ్వకూడదు. గానుగ సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. పైన సిమెంటు మెత్తితే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని, కొన్ని వానాకాలాలకే గార పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. పైగా పెచ్చులు రాలినచోట మళ్లీ సిమెంటే పూసే కాంట్రాక్టర్లకు మన దగ్గర కొదవ లేదు.

వంద కుర్చీల హాలుకు కరెంటు బిల్లు కూడా రాదని కొందరంటారు. నిజమే, టికెట్ల మీద రాదు. గ్రంథాలయం మీద మాత్రం ఏం వస్తోంది? దాన్ని లాభం చూపించమని ఎవరూ అడగరు కదా.

గ్రంథాలయం మాట ఊరికే అనలేదు. సరిహద్దు తెలుగు ఇళ్లలో పెరుగుతున్న పిల్లలను గమనించండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. బస్సు బోర్డు ఒడియాలో గడగడా చదివేసి, సీట్లో కూర్చున్నాక అమ్మమ్మతో తెలుగులో వాదులాడే పిల్లకు తెలుగు పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేస్తుంది. చెవికి తెలుగు ఉంది, కంటికి లేదు. అలాంటివాళ్లకు తెలుగు సాహిత్యం అంటే సినిమా ఒక్కటే. అందులోనూ వాళ్ల ఊరి దాకా వచ్చేది పెద్ద హీరోల సినిమాలే. ఆ సినిమాల మీద నాకు కోపం లేదు. కానీ ఒక తరానికి తన భాషలో అందేదంతా ఫైట్లూ పాటలే అయితే, ఆ భాషలో దుఃఖం, దారిద్ర్యం, తిరుగుబాటు కూడా ఉన్నాయని ఎవరు చెబుతారు? ‘మా భూమి’, ‘దాసి’ చూడటానికి అక్షరాలు రానక్కరలేదు.

ఒడియాకూ చోటుండాలి. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1976లో ఒడియా రచయిత భగవతీ చరణ్ పాణిగ్రాహి కథతో హిందీలో ‘మృగయా’ తీశారు. మరుసటి ఏడాదే ప్రేమ్‌చంద్ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశారు. ఈ రెండింటినీ వెంటవెంటనే వేసి చూపించడానికి పర్లాకిమిడి కంటే తగిన ఊరు ఎక్కడుంది? నీరద్ మహాపాత్ర తీసిన ఒడియా చిత్రం ‘మాయా మిరిగ’కు మరమ్మతులు చేసి 2024లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శించారు. బొలోన్యాకు వెళ్లిన సినిమా బరంపురానికి రావడానికి ఏమిటి అడ్డు?

అడ్డు మన బుర్రల్లో ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడారు, సవర భాషకు వ్యాకరణం రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. అప్పటినుంచి మన పెద్దల పటంలో తెలుగు సరిహద్దు ఊరు ఇచ్ఛాపురంతో ఆగిపోతోంది. ఏటా ఆగస్టు 29న, గిడుగు జయంతి రోజున, ఆయన పటానికి దండ వేసి ఉపన్యాసాలు దంచే సభల్లో, ఆయన పనిచేసిన ఊళ్లో ఇవాళ తెలుగు పిల్లలు ఏం చదువుతున్నారని అడిగేవారు ఎందరు? తెలుగు బడి పెట్టాలంటే రెండు రాష్ట్రాలు, టీచర్ల పోస్టులు, పాఠ్యపుస్తకాలు, ఏళ్ల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు. బడి కోసం పోరాటం ఎటూ ఆగకూడదు. హాలుకు అంత తతంగం అక్కరలేదు. ఒక ప్రొజెక్టరు, ఒక తెర, తెలుగు సినిమాకు అడుగున ఒడియా అక్షరాలు చాలు. భవనం ఒడిశా ప్రభుత్వం ఇవ్వాలి, సినిమాల హక్కుల ఖర్చు ఆంధ్రప్రదేశ్ భరించాలి. ఆగస్టు 29 సభ ఖర్చులో కొంత ఇటు మళ్లించినా మొదటి ఏడాది గడిచిపోతుంది.