నాలుగు రోజుల నెట్‌కు నెల ఖర్చా?

హైదరాబాద్‌లో మా ఇంటికి నెలకు ఐదారు వందలకే ఫైబర్ నెట్ వస్తోంది. అదే వికారాబాద్ దాటి, అనంతగిరి కొండల వెనక మేం కట్టుకున్న చిన్న ఇంటికి వెళ్తే ఫోన్‌లో ఒక్క గీత! అదీ డాబా ఎక్కితేనే. టవర్ దూరం, మధ్యలో కొండ అడ్డం.

కేబుల్ అడిగితే ఏమన్నారో తెలుసా? ఊళ్లోంచి రెండు కిలోమీటర్లు లాగాలట, స్తంభాల ఖర్చు మాదేనట, ఆరు నెలల డబ్బు ముందే కట్టాలట. మేం ఉండేది నెలకు నాలుగు రోజులండీ!

సరే, సిమ్ పెట్టే రౌటర్ కొన్నాం. ప్లాన్ 28 రోజులే. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు. రోజుకింత అని ఇచ్చిన డేటా వాడకపోతే అర్ధరాత్రికి మాయం. డబ్బు కట్టింది మేం కాదా? మరుసటి రోజుకు ఎందుకు కలపరు?

పంచాయతీల దాకా ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లోనే ఆమోదం తెలిపింది. మరి పంచాయతీ నుంచి ఇంటి దాకా ఎవరు వేస్తారు?

మేమైతే సోమవారానికి సిటీకి వచ్చేస్తాం. పక్క పొలం రైతు కూతురు డిగ్రీ చదువుతోంది. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి మొన్న మా డాబా ఎక్కి గంటసేపు నిలబడింది. ఆ పిల్ల ఏం పాపం చేసింది?