తాంబూలంలో గ్యాస్ మాత్ర పెట్టాలని మనవి

తిరుపతిలో పెళ్లికి వెళ్తే తాంబూలం సంచిలో టెంకాయ, ఆకువక్క, ఓ స్టీలు గిన్నె పెట్టిస్తారు. ఇకమీదట గ్యాస్ మాత్రల షీటు కూడా పెట్టాలని నా మనవి. ఎలాగూ చెయ్యి కడుక్కోగానే జేబులు తడుముకునేవాళ్లే ఎక్కువ.

సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి దట్టించి, ఆ పైన పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర మింగి, తేన్పు రాగానే "పనిచేసింది" అంటారు మనవాళ్లు. దాన్ని పరగడుపున, టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలట. తిండి పడగానే కడుపులో యాసిడ్ తోడే పంపులు నడుస్తాయి. అప్పటికే మందు రక్తంలో చేరి ఉంటేనే వాటిని కట్టేస్తుంది. అంతా తోడేశాక పోయి అదేం చేస్తుంది పాపం!

డాక్టరు రాసింది రెండు వారాలకే. ఆ చీటీ మడతల దగ్గర చిరిగి, అక్షరాలు చెరిగిపోయినా కోర్సు మాత్రం నడుస్తూనే ఉంది. అసలు చీటీ ఎవరికి కావాలి? మందుల అంగడాయనతో "అన్నా, గ్యాస్‌ది ఒక షీటు" అంటే చాలు. "డీ ఉండేదా, లేనిదా?" అని మాత్రం అడుగుతాడు. ఆ డీ అంటే వాంతులు, వికారం తగ్గించే డోంపెరిడోన్ అనీ, గుండె లయ తప్పేవాళ్లకు అది మంచిది కాదనీ చెప్పే తీరిక ఆయనకు లేదు, వినే ఓపిక మనకు లేదు.

అల్సర్ ఉన్నవాళ్లు, రోజూ నొప్పి మాత్రలు వాడక తప్పనివాళ్లు డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోవాల్సిందే, వాళ్ల జోలికి నేను పోను. నా గౌరవమంతా ఏళ్లపాటు ఊరికే మింగి, ఓ రోజు టక్కున ఆపేసి, మంట రెట్టింపు కాగానే "చూశావా, ఇది లేకుంటే బతకలేను" అనేవాళ్ల మీదే. అన్నాళ్లు అణిచిపెట్టిన యాసిడ్ కొన్నాళ్లు పొంగుతుంది, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి అంటే వినరు. బి12, మెగ్నీషియం తగ్గొచ్చన్నా జంకరు. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకండి, తలవైపు మంచం కాస్త ఎత్తు చేసుకోండి అంటే అసలే నమ్మరు. పైసా ఖర్చు లేనిది వైద్యమెట్లా అవుతుంది?

ఇక గుండె పట్టేసి, చెమటలు కారి, ఎడమ చెయ్యి లాగుతున్నా "గ్యాసేలేబ్బా, సోడా తాగు" అని తేల్చేసే నిపుణులు ప్రతి టీ అంగడి దగ్గరా ఉన్నారు. ఈసీజీ తీసేలోపే వీళ్ల రిపోర్టు వచ్చేస్తుంది. వీళ్లకు 108 అంబులెన్సులో ఓ సీటు కేటాయించాలి. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా అయినా, ఊరికే బరువు తగ్గినా అదీ గ్యాసేనని దారిలోనే చెప్పేస్తారు, ఎండోస్కోపీ ఖర్చు మిగులుతుంది.