గిఫ్ట్ అంటే విషం ఎందుకైందంటే
ఆర్టికల్ బాగుంది కానీ జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం అని ఒక్క లైన్లో చెప్పి వదిలేశారు, అసలు కథంతా అక్కడే ఉందండీ. నేను జర్మనీలో ఉన్నప్పుడు మా బిల్డింగ్ సెల్లార్‌లో ఎలుకల మందు డబ్బా మీద రాటెన్‌గిఫ్ట్ అని చూసి ఒక్క క్షణం అలా నిలబడిపోయా. ఇంగ్లిష్‌దీ జర్మన్‌దీ ఒకటే మాట, ఇవ్వడం నుంచి పుట్టింది. గ్రీకులో మందు మోతాదుని డోసిస్ అనేవాళ్ళు, దానికీ ఇచ్చేది అనే అర్థం, జర్మన్లు ఆ అర్థాన్నే తమ గిఫ్ట్ అనే మాటలోకి తెచ్చుకుంటే మెల్లగా ఇచ్చే మందు కాస్తా ఇచ్చే విషం అయిపోయింది. పాత అర్థం మిట్‌గిఫ్ట్‌లో మిగిలింది, అంటే కట్నం. పాత ఇంగ్లిష్‌లో అయితే గిఫ్ట్ అనే మాటకి ఓలి, అంటే పెళ్ళికూతురి కోసం పెళ్ళికొడుకు ఇచ్చే సొమ్ము అని అర్థం, స్వీడిష్‌లో ఇప్పటికీ గిఫ్ట్ అంటే పెళ్ళైన అనీ విషం అనీ రెండూ!! మన మందు కూడా అంతే కదా, జ్వరానికీ మందే, పురుగులకీ మందే, సీసాలోదీ మందే. ఇంకోటి, ఆ డోసిస్‌కీ మన దానానికీ ధాతువు ఒకటే, అది కూడా రాయాల్సింది.