ఎండిపోయే సరస్సుకు మరమ్మతు దేనికి?

అమెరికాలోని వర్జీనియాలో మనిషి కట్టకుండా ఏర్పడిన సరస్సులు రెండే రెండని చెబుతారు. ఒకటి తూర్పున చిత్తడి అడవిలోని డ్రమ్మండ్. రెండోది జైల్స్ కౌంటీలో, దాదాపు 3,900 అడుగుల ఎత్తున కొండమీద ఉన్న మౌంటెన్ లేక్. నిండితే ఓ 50 ఎకరాలు. 2008లో ఇది అడుగంటింది. ఒడ్డున 1936 నాటి రాతి హోటలుంది. 1986లో అక్కడ తీసిన హాలీవుడ్ ప్రేమకథను చూసి ఇప్పటికీ అభిమానులు వస్తుంటారు. నీళ్ళు పోయేసరికి వాళ్ళకు పడవ షికారు పోయి బురద మిగిలింది. సరస్సు చచ్చిపోయిందన్నారు.

చావలేదు. దాని పుట్టుకే అలాంటిది. కొండ మీంచి విరిగిపడ్డ ఇసుకరాతి బండలు లోయకు అడ్డం పడితే వెనక నీరు నిలిచింది. మన చెరువుకట్టలా మట్టి పోసి దిమ్మిస కొట్టింది కాదు, వట్టి బండల కుప్ప. సందుల్లో ఒండ్రు, కుళ్ళిన ఆకులు పేరుకున్నంతకాలం నీరు ఆగుతుంది. ఆ పూడిక జారితే అడుగునుంచే దిగిపోతుంది. వానలు తగ్గిన ఏళ్ళలో వచ్చే నీటికన్నా పోయే నీరే ఎక్కువ. గడిచిన కొన్ని వేల ఏళ్ళలో ఇలా చాలాసార్లు జరిగిందని అడుగున పేరుకున్న మట్టి పొరలే చెబుతున్నాయి.

1751లో క్రిస్టఫర్ గిస్ట్ అనే సర్వేయర్ ఇక్కడ సరస్సును చూసినట్టు రాసుకున్నాడు. తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్ళ కథ వేరు: ఇది పశువులకు ఉప్పు వేసే పల్లమట, వాటి డెక్కల తొక్కిడికి సందులు పూడి నీరు నిలిచిందట. పాతపేరు సాల్ట్ పాండ్ కావడం అందుకేనట. ఒకరిది నిజమైతే మరొకరిది అబద్ధం కానక్కర్లేదు, మధ్యలో ఓసారి ఎండి ఉండొచ్చు.

2013లో హోటలువాళ్ళు నీరు జారిపోయే ఆ సందుల్లో మట్టి నింపి చూశారు. తప్పుపట్టలేం. 17 వేల జనాభా కూడా లేని కౌంటీలో నాలుగు ఉద్యోగాలిచ్చే చోటు అది. కానీ మట్టితో ఆగక రేపు కాంక్రీటు పోస్తే మిగిలేది మరో రిజర్వాయరే. అలాంటివి వర్జీనియాలో కావలసినన్ని ఉన్నాయి. అసలు సరస్సు ఎండిన ఏడాది దాని అడుగుదాకా నడిపించి, నీరు ఎటు జారిపోతుందో చూపించినా జనం వస్తారు. టికెట్ పెట్టినా సరే, పక్కనే బ్లాక్స్‌బర్గ్‌లో వర్జీనియా టెక్‌లో చదివే మన పిల్లలే ముందు కొంటారు.