సముద్రానికి క్యూ ఎక్కడ?

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, వైద్యశాస్త్రం దానికి ఇంకా పేరు పెట్టలేదు. ఏదైనా సరే, టోకెన్ లేకుండా చేతికి దొరికితే అనుమానం వస్తుంది. ఆ జబ్బుతోనే మొన్న మే నెలలో విశాఖపట్నం వెళ్ళొచ్చాం. వెళ్ళింది నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన మా అమ్మ, పదహారు లడ్డూలు. లడ్డూలను కూడా మనుషుల్లో ఎందుకు కలిపానంటే, తిరుపతి నుంచి వచ్చినవాడు ఉత్త చేతుల్తో గడప తొక్కితే లోపలికి రానిస్తారు గానీ చుట్టం కింద లెక్కవేయరు.

మాకు సముద్రం అంటే మద్రాసు. పెళ్ళి చీరలకో, పెద్దాసుపత్రికో పోయి, తిరుగు బస్సుకు టైముంటే మెరీనాలో ఓ పావుగంట, అంతే. కొండేమో మాకుంది, సముద్రమేమో మద్రాసుకుంది, రెండూ తన దగ్గరే పెట్టుకుని కూర్చున్న ఊరొకటుందని తెలిసినప్పటి నుంచీ నాకు లోలోపల కొంచెం కుళ్ళు ఉండేది. దాన్ని తీర్చుకోవడానికే ఈ ప్రయాణం. రాత్రి తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, తెల్లారి చూస్తే గోదావరి దాటేశాం, రైలు దిగీదిగగానే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మా ఎండ మాడ్చి వదిలేస్తుంది, విశాఖ ఎండ ఉడకబెడుతుంది. స్నానం చేసి తువ్వాలు అందుకునేలోపే రెండో స్నానం అవసరం పడే ఊరది.

స్టేషన్‌కు మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉద్యోగం. మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ "యాడికన్నా పోతాండేది" అనేవాడు, ఇప్పుడు "ఏటి అన్నయ్యా, బాగా అలిసిపోయారా ఏటి?" అన్నాడు. మా అమ్మ నన్ను పక్కకు లాగి, "ఉండేది సముద్రం ఒడ్డున గదా, వీడేందిరా ఏటి ఏటి అంటాండాడు?" అంది.

ఇక ఆ ఊళ్ళో నాకు దిక్కులు పోయాయి. తిరుపతిలో దిక్కు ఒక్కటే, కొండ. ఎక్కడ నిలబడి తలెత్తినా ఉత్తరాన శేషాచలం గోడ కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి, దారి అడిగినవాళ్ళకు మేం కుడీ ఎడమా చెప్పం, "కొండ పక్కకు తిరుక్కోన్నా" అంటాం. విశాఖలో అటు చూస్తే కైలాసగిరి, ఇటు చూస్తే డాల్ఫిన్స్ నోస్, వెనక సింహాచలం. ఇన్ని కొండలున్న ఊళ్ళో కొండ పక్క అంటే ఏ పక్క? (పోనీ ఎత్తైనా ఉందా అంటే, కైలాసగిరికి రోప్‌వే ఎక్కి కూర్చుని పల్లీ పొట్లం విప్పేలోపు పైన దింపేశారు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కే జాతికి ఇది అవమానం. ఆ మెట్లదారిలోని మా మోకాళ్ళ మిట్టకు కూడా సరిపోదు అని పైకే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ కిందున్న సముద్రాన్ని చూస్తున్నారు.)

అసలు ఘట్టం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జరిగింది. రోడ్డు దాటి ఇసుక మొదలయ్యే చోట మా అమ్మ ఆగిపోయింది. చెప్పులు విప్పి, ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న కవర్లో పెట్టి ముడేసి, చెప్పుల కౌంటర్ కోసం అటూ ఇటూ చూసింది. కనిపించలేదు. పక్కనే మురీ మిక్చర్ అమ్మే కుర్రాడు డబ్బాలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు వేసి గరిటెతో టకటకలాడిస్తున్నాడు. వాడినడిగింది: "నాయనా, సముద్రానికి క్యూ యాడ?"

వాడు గరిటె ఆపాడు. "క్యూ ఏటమ్మా? తిన్నగా ఎల్లిపోండి."

మా అమ్మ నావైపు తిరిగి గొంతు తగ్గించి, "ఇందులో ఏదో మోసముంది" అంది.

నవ్వకండి. ఆమె జీవితంలో ఏ గొప్ప దర్శనమైనా కంపార్ట్‌మెంట్లో కూర్చుని, పాలు తాగి, ఉప్మా తిని, పక్కావిడ కోడలి కథంతా విన్నాకే దొరికింది. అలాంటిది ఇంత పెద్ద బంగాళాఖాతం, ఆధార్ కార్డు కూడా అడక్కుండా ఎదురొచ్చి కాళ్ళు కడిగితే ఎవరికైనా టెన్షనే. మొదటి అల పాదాలు తాకగానే చేతులు పైకెత్తి "గోవిందా... గోవింద!" అని గట్టిగా అంది. వెనకాల ఎవరో తెలియని కుటుంబం "గోవిందా!" అని అందుకుంది. వాళ్ళదీ మా జిల్లానే అయ్యుంటుంది.

కాబట్టి సంబంధితులకు నా సవినయ మనవి. సముద్రాన్ని ఇలా బారుగా తెరిచి పెట్టడం దాని గౌరవానికే భంగం. సర్వదర్శనం వాళ్ళను ఇసుకలో కంపార్ట్‌మెంట్లు కట్టి కూర్చోబెట్టండి, 300 రూపాయల టికెట్ వాళ్ళకు మోకాలి దాకా వచ్చే అల ఇప్పించండి, మామూలు వాళ్ళకు మడమ చాలు. తెల్లవారుజామున ఓ గంట బ్రేక్ పెట్టి, లెటర్ తెచ్చినవాళ్ళకు ప్రోటోకాల్ అలలు వదలండి. వెళ్ళేటప్పుడు తలా ఒక ఉప్పు పొట్లం ఇవ్వండి, అదనంగా కావాలంటే వేరే కౌంటర్. అప్పుడు చూడండి భక్తి ఎలా పెరుగుతుందో. ఊరికే దొరికేది కాబట్టే అక్కడ సగం మంది సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటున్నారు.

మర్నాడు మాత్రం మా అమ్మకు ఊరు నచ్చింది. బీచ్‌లోనే కురుసుర అని జలాంతర్గామి ఉంది కదా, అక్కడ టికెట్ ఉంది, క్యూ ఉంది, లోపల మనిషి వెంట మనిషి మాత్రమే నడిచేంత సందుంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది నుంచి ఒడ్డునే మ్యూజియంగా నిలబడి ఉంది. పొడవు 91 మీటర్లు, మాకు ఆ మూల నుంచి ఈ మూలకు పట్టింది పది నిమిషాలు. టార్పెడోల గదిలో మా అమ్మ ఒక్క క్షణం ఆగి చూడబోతే వెనక నుంచి ఒకాయన "జరగండమ్మా, జరగండి" అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. చేతులు జోడించి టార్పెడోకు ఒక దండం పెట్టి కదిలింది.

మా తమ్ముడు మాతో పాటు లోపలికి వచ్చి అన్నీ నోరు తెరుచుకుని చూస్తుంటే అనుమానం వచ్చి అడిగాను. ఇరవై ఏళ్ళలో తనూ ఎక్కడం ఇదే మొదటిసారట. బీచ్‌కు వచ్చి కూడా ఎనిమిది నెలలైందట. "సముద్రం ఎక్కడికి పోద్ది అన్నయ్యా" అన్నాడు. కడిగేద్దామని నోరు తెరిచాను గానీ, నేను కొండెక్కి ఎన్నాళ్ళైందో లెక్కేసుకుని మూసేశాను. పైగా తను చెప్పిన ఇంకో మాటకు నా దగ్గర జవాబు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, "మేం ఎళ్ళలేదని అదే వచ్చింది" అన్నాడు. చెట్లు ఎలా పడిపోయాయో, కరెంటు లేక రోజులెలా గడిచాయో చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం కిటికీ గడియ మీదే ఉంది.

ఇంకో సంగతి ఆ రాత్రి గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట మా జిల్లాలోకి వచ్చాయి. అంటే ఒక్క జీవోతో, కష్టపడకుండా, మేమూ కొండకూ సముద్రానికీ మధ్య కూర్చున్నాం. వీధిలో ఒక్కడికీ తెలియదు. శ్రీహరికోట ఒడ్డున పాసులు, తనిఖీలు దాటుకుని సముద్రాన్ని దగ్గరగా చూసేది ఎక్కువగా రాకెట్లే, అవి కూడా ఆగి చూడవు. ఎంతైనా మా జిల్లావి.

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు బ్యాగులు రైల్లో పెట్టి, కిటికీ దగ్గర నిలబడి కాసేపు నసిగి, "అన్నయ్యా, మా ఆఫీసు వాళ్ళు పదకొండు మంది వచ్చే నెల తిరుపతి వస్తన్నారు, దర్శనానికి ఏదైనా..." అన్నాడు. రైలు కదిలింది. అంత సమయానికి రైలు కదలడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఎదురింటామె మా అమ్మను అడిగింది, ఏమక్కా, సముద్రం బాగా చూసినావా అని.

"చూసినాం గానీ, తోసేవాళ్ళే లేరు. ఎంతసేపు చూడల్లో తెలీక మద్దెలోనే వచ్చేసినాం" అంది మా అమ్మ.