సవరణ: రొయ్యల పాస్తాలో ‘10 నిమిషాలు’ రొయ్యలకు కాదు

మొన్నటి రొయ్యల పాస్తా పోస్టులో ‘10 నిమిషాలు ఉడికించాలి’ అన్నది పాస్తాకే వర్తిస్తుంది. రెండూ ఒకే గిన్నెలో వేసి ఉడకబెట్టిన కొందరు, రొయ్యలు గట్టిపడి నమల్లేకపోయామని రాశారు. గట్టిపడక ఏం చేస్తాయి!

రొయ్యలకు 2, 3 నిమిషాలు చాలు. మా బరంపురం బజారుకు వచ్చే చిలికా సరస్సు రొయ్యల్లో చిన్నవైతే ఇంకా తక్కువే. వెన్ను మీది నల్ల నరం తీసి, కడిగి, గుడ్డతో తడి అద్దేయండి. తడి ఉంటే వేగవు, నీరు ఊరిపోతుంది. మూకుడు బాగా కాలాక నూనెలో విడివిడిగా పరచండి. అడుగు గులాబీ రంగుకు మారగానే తిప్పాలి. కొడవలిలా వంగితే అయిపోయినట్టే, పూర్తిగా ముడుచుకుపోతే మించిపోయినట్టు. వెంటనే పళ్లెంలోకి తీసేయండి. అదే మూకుడులో వెల్లుల్లి, చిదిమిన ఎండుమిర్చి వేయించి, పాస్తా కలిపి, దించేముందు రొయ్యలు మళ్లీ వేయాలి.

అదే పోస్టులో ‘నీళ్లు ఉంచుకోండి’ అన్నది పాస్తా వార్చిన గంజి గురించి, కుళాయి నీళ్ల గురించి కాదు. అందులోని పిండిపదార్థమే నూనెను, గంజిని చిక్కగా కలిపి పాస్తాకు పట్టిస్తుంది. పాస్తా కలిపేటప్పుడు అర కప్పు పోస్తే సరి. గంజిలో ఉప్పు ఉంటుంది కాబట్టి రొయ్యలకు చిటికెడే వేయండి.

చీజ్ గురించి అడిగారు. ఇటలీలో రొయ్యలు, చేపలు వేసిన పాస్తాకు సాధారణంగా చీజ్ వేయరు. మా పిల్లలు ఊరుకోరు కాబట్టి మేం వేస్తాం. నిమ్మరసం మాత్రం స్టవ్ కట్టేశాకే పిండండి.